కొండపిట్టకు కనుమే గోడ

కోయంబత్తూరు దాటి పాలక్కాడు వైపు రైల్లో పోతుంటే కిటికీలోంచి ఒక వింత చూడొచ్చు. తపతి నది దగ్గర మొదలై కన్యాకుమారి దాకా సుమారు 1,600 కిలోమీటర్లు సాగే పడమటి కనుమలు అక్కడ ఉన్నట్టుండి తెగిపోతాయి. కుడిచేతి వైపు నీలగిరులు, ఎడమచేతి వైపు ఆనైమలై కొండలు. రెండుచోట్లా 2,600 మీటర్లు మించిన శిఖరాలున్నాయి. నడుమ మాత్రం 30, 40 కిలోమీటర్ల వెడల్పున కొబ్బరితోటలూ వరిచేలూ ఉన్న పల్లపు నేల.

తెలుగులో కనుమ అంటే అసలు అర్థం కొండల వరుస కాదు. రెండు కొండల మధ్య నుంచి పోయే దారి. బళ్లు పోయే దారి, సంతకు పోయే దారి, దండు నడిచే దారి. ఆ దారుల పేరే తర్వాత కొండలకు అంటుకుంది. పాలక్కాడు కనుమ కూడా అలాంటి దారే. మనుషులు అందులోంచి వెళ్లారు, గాలీ వానా వెళ్లాయి. కానీ ఆ రెండు కొండల నెత్తిన బతికే పిట్టల్లో కొన్నిటికి అది దారి కాదు, గోడ. ఆ గోడకు అటొక జాతి, ఇటొక జాతి తయారైంది.

పిట్టల్లో కొత్త జాతులు ఎలా పుడతాయన్న ప్రశ్నకు నూరేళ్లుగా రెండు జవాబులు నలుగుతున్నాయి. వాతావరణం మారి అడవులు ముక్కలయ్యాయి, పిట్టలు ఆ ముక్కల్లో చిక్కుకుని వేరైపోయాయి అన్నది ఒకటి. పిట్టే ఎగిరి కొత్తచోట కాపురం పెట్టింది, పాత చుట్టరికం తెగింది అన్నది రెండోది. మొదటిదాంట్లో పిట్ట కదలదు, అడవి కదులుతుంది. రెండోదాంట్లో అడవి కదలదు, పిట్ట కదులుతుంది. నా మటుకు ఈ పంచాయితీలో ఇద్దరూ సగం సగం చెబుతున్నారనిపిస్తుంది. తలుపులు తెరిచేదీ మూసేదీ వాతావరణమే. అయితే తెరిచిన తలుపులోంచి ఎవరు పోతారు, ఎవరు గడప దగ్గరే ఆగిపోతారు అన్నది పిట్ట రెక్కను బట్టి, దాని స్వభావాన్ని బట్టి ఉంటుంది. రుజువులు కూడా కొన్నేళ్లుగా ఇటువైపే మొగ్గుతున్నాయి.

ముందు ఆ కొండపిట్ట సంగతి చూద్దాం. పడమటి కనుమల పైభాగాన గడ్డి మైదానాల మధ్య మడతల్లో దాక్కున్నట్టుండే పొట్టి అడవులను షోల అంటారు. ఆ అడవుల్లో నేలకు దగ్గరగా, చీకటి పొదల్లో తిరిగే చిన్న నీలిపిట్ట ఒకటుంది. నీలగిరి వైపు ఉన్నదానికి పొట్ట పక్కల ఎర్రమట్టి రంగు ఉంటుంది. కనుమకు దక్షిణాన ఉన్నదానికి పొట్ట తెల్లగా ఉంటుంది. నీలగిరిదాన్ని మొదట శాస్త్రలోకానికి చెప్పినవాడు జెర్డన్. కడప కలివికోడికి ఇంగ్లీషులో ఎవరి పేరు పెట్టారో ఆయనే. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన రోజుల్లో యానాదుల దగ్గర కూర్చుని అడవి విద్య నేర్చుకున్నవాడు. ఆయన తర్వాతివాళ్లు ఈ పిట్టను హిమాలయాల్లో ఉండే పొట్టిరెక్కల పిట్టలకు చుట్టంగా లెక్కవేసి అదే ప్రజాతిలో పెట్టారు. పొట్టి రెక్క, పొడుగు కాలు, పొదల్లో నక్కే అలవాటు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు.

డీఎన్‌ఏ వేరే మాట చెప్పింది. బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లో ఉమా రామకృష్ణన్ బృందంతో కలిసి పనిచేసి, తర్వాత తిరుపతి ఐసర్‌లో ఆచార్యుడైన వి.వి. రాబిన్, ఆయన సహచరులు 2017లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఈ పిట్ట హిమాలయపు పొట్టిరెక్కల పిట్టలకు దగ్గర చుట్టం కాదు, నీలిరంగు ఈగపట్టు పిట్టలకు దగ్గర. ఒకే రకం పొదలో ఒకే రకం బతుకు బతికినందువల్ల రూపం కలిసింది తప్ప రక్తం కలవలేదు. కాబట్టి దీనికి కొత్త ప్రజాతి పెట్టవలసి వచ్చింది. వాడుకలో ఇప్పుడు దీని పేరు షోలకిళి. కిళి అంటే మలయాళంలో పిట్ట, తమిళంలో చిలుక. మన చిలుక అన్న మాటకూ అదే వేరు. అదే పరిశోధనలో పడమటి కనుమల నవ్వుల పిట్టలకు, అంటే ఇంగ్లీషులో లాఫింగ్ థ్రష్‌లనే వాటికి కూడా సొంత ప్రజాతి దక్కింది. అందులో నాలుగు జాతులు: నీలగిరికి ఒకటి, వయనాడ్‌లోని బాణాసుర కొండకు ఒకటి, పళని కొండలకు ఒకటి, దక్షిణపు కొసన అశంబు కొండలకు ఒకటి. సముద్రంలో దీవికో జాతి ఉన్నట్టు ఇక్కడ కొండకో జాతి. ఈ శిఖరాలను ఆకాశదీవులు అనడం ఊరికే కాదు.

ఒక్క పిట్టను చూసి సూత్రం చెప్పేయడం తేలిక. దానికంటే కష్టమైన పని 2015లో జరిగింది. అదే బృందం పడమటి కనుమల ఎత్తుల్లో ఉండే 23 జాతుల నుంచి, 9 చోట్ల పట్టుకున్న 356 పిట్టల జన్యువులను పోల్చింది. పిట్టను వలలో పట్టి, చుక్క రక్తం తీసి, వదిలేయడమే. ఫలితంలో మూడు ముక్కలున్నాయి, మూడూ ముఖ్యమైనవే. 23లో 10 జాతులకు పాలక్కాడు కనుమే అన్నిటికంటే పాత చీలిక. అందులో కొన్నిటికి ఇంకా ఇరుకైన, లోతు తక్కువైన లోయల దగ్గర కూడా తర్వాతి కాలపు చీలికలున్నాయి. మిగతా 13 జాతులకు ఏ లోయా అడ్డుగా కనబడలేదు.

నన్ను పట్టుకుని వదలనిది ఇంకొకటి. ఒకే కనుమ, ఒకే వాతావరణం. అయినా చీలిన 10 జాతులూ ఒకే కాలంలో చీలలేదు. తలుపు ఒక్కసారి మూసుకుని ఉంటే లోపలివాళ్లూ బయటివాళ్లూ అదే రోజున విడిపోవాలి. అలా జరగలేదు. ఒకదాని తర్వాత ఒకటి, ఎక్కువ భాగం గత 26 లక్షల ఏళ్ల హిమయుగ కాలంలో, వేర్వేరు సమయాల్లో విడిపోయాయి. అంటే తలుపు చాలాసార్లు తెరుచుకుంది, చాలాసార్లు మూసుకుంది. ఒక్కో పిట్ట ఒక్కో మూతకు చిక్కింది.

ఈ తెరుచుకోవడం, మూసుకోవడం ఎలా? భూమి కక్ష్య, అక్షం కొద్దికొద్దిగా ఊగుతూ ఉంటాయి. దానివల్ల మొదట్లో సుమారు 41,000 ఏళ్లకోసారి, గత పది లక్షల ఏళ్లుగా దాదాపు లక్ష ఏళ్లకోసారి భూగోళం చలికీ వెచ్చదనానికీ మధ్య తిరుగుతోంది. చలి ముదిరినప్పుడు కొండమీది వాతావరణం కిందికి దిగుతుంది, వెచ్చబడినప్పుడు పైకెక్కుతుంది. కిందికి దిగినప్పుడు పక్కపక్క కొండల అడవులు కలుస్తాయి, పిట్టలు అటూ ఇటూ పోతాయి. పైకెక్కినప్పుడు విడిపోతాయి. బోరింగు పంపు పిడిలా ఇది కిందికీ పైకీ ఆడుతుంటే జాతులు ఊరుతుంటాయని ఈ రంగంలోవాళ్ల మాట.

దక్షిణ భారతంలో ఇది ఇంత సాఫీగా నడవదు. మన దగ్గర చలికాలాలంటే రుతుపవనం బలహీనపడ్డ కాలాలు కూడా. చలి అడవిని కిందికి దింపితే కరువు దాన్ని పలచన చేస్తుంది. నీలగిరుల పైన గడ్డి మైదానాల బురదకుంటల్లో వేల ఏళ్లుగా పేరుకున్న పీట్ మట్టిని తవ్వి, రామన్ సుకుమార్ బృందం 1993లో ‘నేచర్’లో ఒక వ్యాసం రాసింది. మొక్కల్లో రెండు రకాల కర్బన గుర్తులుంటాయి: చెట్లూ చల్లని తడి నేల మొక్కలూ ఒక రకం, ఎండనూ ఎద్దడినీ ఓర్చే ఉష్ణమండలపు గడ్డి ఒక రకం. సుమారు 20,000 నుంచి 16,000 ఏళ్ల కిందటి పొరల్లో గడ్డి గుర్తే గట్టిగా ఉంది. హిమయుగం అన్నిటికంటే ముదిరిన ఆ రోజుల్లో నీలగిరులు ఇప్పటికంటే పొడిగా ఉండేవి. అంటే ఉష్ణోగ్రత వంతెన వేసిన సమయానికే వాన ఆ వంతెన పలకలు పీకేసి ఉండవచ్చు. చలి కలుపుతుంది, వెచ్చదనం విడదీస్తుంది అనే ఒంటి సూత్రంతో మన కొండలను చదవలేం. తడీ చలీ కలిసొచ్చిన కొద్దికాలాల్లోనే ఈ పిట్టలకు కనుమ దాటే వీలు దొరికి ఉంటుంది.

వాతావరణమే జాతులను పుట్టించిందన్న వాదానికి పెద్దదిక్కు యుర్గన్ హాఫర్. వృత్తిరీత్యా చమురు వెతికే భూగర్భ శాస్త్రవేత్త, మనసంతా పిట్టలమీద. అమెజాన్ అడవుల్లో ఒకదానికొకటి దగ్గరైన పిట్ట జాతులు ఏ హద్దుల దగ్గర కలుస్తున్నాయో పటాలు గీసి, 1969లో ‘సైన్స్’ పత్రికలో ఒక ఊహ ప్రతిపాదించాడు. హిమయుగపు కరువుల్లో అమెజాన్ అడవి ముక్కలై, గడ్డినేలల మధ్య దీవుల్లా మిగిలిందనీ, ఆ దీవుల్లో తలదాచుకున్న పిట్టలే వేరు జాతులయ్యాయనీ అన్నాడు. ఆ ఊహ ఎంత అందంగా ఉందంటే ఒక తరం దాన్ని దాదాపు నిజమనే నమ్మింది. తర్వాత పాల్ కోలిన్వో లాంటివాళ్లు అమెజాన్ పల్లపు చెరువుల అడుగు మట్టిలోని పుప్పొడి లెక్కపెట్టారు. హిమయుగంలో అక్కడ చల్లబడింది నిజమే, కానీ అడవి గడ్డినేల కాలేదని 1996లో తేల్చారు. ఇంకోవైపు ఉత్తర అమెరికా పాటపిట్టల జంట జాతులను పోల్చిన క్లికా, జింక్ అనే ఇద్దరు 1997లో మరో దెబ్బ వేశారు. చాలా జంటల చీలిక ఆఖరి హిమయుగాలకంటే పాతదన్నారు. ఆ వ్యాసం శీర్షికలోనే హిమయుగ సిద్ధాంతాన్ని విఫలమైనదని తేల్చేశారు. అంత మాట అనడం తొందరపాటే. 2004లో వైర్, ష్లూటర్ అనేవాళ్లు మంచుపలకలు నేరుగా కమ్మిన ఉత్తరపు అడవుల పిట్టలను విడిగా చూస్తే, అక్కడి చీలికలు మాత్రం ఆ హిమయుగ కాలానివేనని తేలింది. ప్రపంచమంతటికీ ఒక్క జవాబు అడగడమే తప్పేమో.

ఇక రెండో పక్షం. ముందు ఒక మాట తేల్చుకోవాలి. వలస వేరు, తావు మారడం వేరు. వలస పిట్ట వేల మైళ్లు పోయి మళ్లీ తన చోటికే వస్తుంది. తావు మారడమంటే పుట్టిన చోటు వదిలి మరోచోట గూడు కట్టడం. జాతుల లెక్కలో పట్టించుకోవలసింది ఈ రెండోదే.

రెక్కలున్న ప్రాణికి అడ్డేమిటి అని మనకు అనిపిస్తుంది. దీనికి పనామాలో జరిగిన ఒక ప్రయోగం కళ్లు తెరిపిస్తుంది. పనామా కాలువ కోసం నదికి కట్ట వేసినప్పుడు ఏర్పడిన గాతూన్ సరస్సులో, అడవి లోపలి పిట్టలను పడవలో తీసుకుపోయి ఒడ్డుకు 100 నుంచి 300 మీటర్ల దూరంలో నీళ్లమీద వదిలారు. కొన్ని జాతులు ఒక్క ఊపున ఒడ్డు చేరాయి. చీకటి పొదల్లో తిరిగే కొన్ని జాతులవి మాత్రం 100 మీటర్లు కూడా ఎగరలేక నీళ్లలో పడ్డాయి. ఫలితాలు 2008లో వచ్చాయి. చెరువంత నీళ్లు దాటలేని పిట్టకు పాలక్కాడు కనుమ మహాసముద్రం కదా.

ఇలాంటి స్వభావాన్ని రెక్క ఆకారంతో కొలవచ్చు. మడిచిన రెక్కలో పొడుగు ఈకలు ముంజేతి ఈకలను దాటి ఎంత ముందుకు సాగాయో కొలిచి, రెక్క పొడవులో అదెంత శాతమో లెక్కవేస్తారు. కోడి రెక్కలా గుండ్రంగా ఉంటే అంకె చిన్నది, వానకోయిల రెక్కలా మొనదేలి ఉంటే పెద్దది. 2020లో 10 వేలకు పైగా జాతులకు, అంటే భూమ్మీది పిట్టల్లో దాదాపు అన్నిటికీ ఈ కొలత పూర్తయింది. ప్రదర్శనశాలల్లో ఎండబెట్టి పెట్టిన పిట్ట తోళ్లు ఇన్నాళ్లకు ఇలా అక్కరకొచ్చాయి. దక్షిణ అమెరికా కుమ్మరి పిట్టల కుటుంబాన్ని ఈ కొలతతో చూసిన సాంటియాగో క్లారమున్ట్ 2012లో తేల్చిందేమంటే, బాగా ఎగిరే వంశాల్లో కొత్త జాతులు తక్కువ పుడతాయి. ఎక్కడికక్కడ కలిసిపోతూ ఉంటే విడిపోయేదెప్పుడు?

2014లో ‘నేచర్’లో వచ్చిన ఇంకో పరిశోధన ఈ కథను మలుపు తిప్పింది. దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాలకూ పెద్ద నదులకూ అటూ ఇటూ ఉన్న 27 పిట్ట వంశాలను పోల్చారు. పర్వతం లేచినప్పుడో నది పుట్టినప్పుడో అన్నీ ఒకేసారి చీలి ఉంటాయని పాత నమ్మకం. కానీ చీలికలు ఆ అడ్డంకులు పుట్టిన చాలాకాలం తర్వాత, తలా ఒక సమయంలో జరిగాయి. ఎన్ని జాతులుగా విడిపోయిందో చెప్పగల ఆధారాలు రెండే తేలాయి: ఆ వంశం అక్కడ ఎన్నాళ్లుగా కాపురం ఉంది, దానికి ఎంతవరకూ పోగలిగే సత్తా ఉంది. చెట్ల నెత్తిన తిరిగేవి తక్కువ చీలాయి, కింది పొదల్లో తిరిగేవి ఎక్కువ చీలాయి. పడమటి కనుమల ఫలితం పక్కన దీన్ని పెట్టి చూస్తే ఖండాలు వేరైనా వ్యాకరణం ఒకటే అనిపిస్తుంది.

అయితే ఎగరలేని పిట్టే ఎక్కువ జాతులవుతుందని సూత్రీకరించే లోపు, కంటిచుట్టూ సున్నం పూసినట్టు తెల్లని వలయం ఉండే చిన్న పిట్ట అడ్డం వస్తుంది. మన తోటల్లోనూ గుంపులుగా కనిపిస్తుంది. ఇంగ్లీషులో వైట్ ఐ అంటారు. ఆఫ్రికా నుంచి పసిఫిక్ దీవుల దాకా ఈ వంశం పాకింది. ఆస్ట్రేలియా నుంచి రెండు వేల కిలోమీటర్ల సముద్రం దాటి 1856 ప్రాంతంలో గుంపులుగా న్యూజిలాండ్ చేరింది. అక్కడి మావోరీలు దానికి పెట్టిన పేరుకు కొత్తవాడు అని అర్థం. ఇంత తిరిగే పిట్టలో జాతులు తక్కువ ఉండాలి. కానీ సుమారు 80 జాతులు గత 20 లక్షల ఏళ్లలోనే పుట్టాయని 2009లో లెక్క తేలింది. సాలమన్ దీవుల్లో కొద్ది కిలోమీటర్ల నీటికి అటొక జాతి, ఇటొక జాతి ఉన్నాయి. డైమండ్, గిల్పిన్, మేయర్ 1976లోనే ఈ చిక్కుముడిని ఎత్తి చూపారు. వాళ్లు సూచించిన విప్పు నాకు నచ్చుతుంది: తిరుగుబోతుతనం వంశానికి శాశ్వత గుణం కాదు. దీవి చేరిన తర్వాత ఎగిరిపోయేవి ఎగిరిపోతాయి, మిగిలినవి ఇంటిపట్టున ఉండేవే. కొద్ది తరాల్లో తిరిగే బుద్ధే పోతుంది. వలసవెళ్లి స్థిరపడ్డ కుటుంబంలో మూడో తరం సొంతూరి దారి మరిచిపోయినట్టు.

చలికాలంలో మన చింతచెట్లమీద, మామిడితోటల్లో ఒక చిన్న ఆకుపచ్చ పిట్ట ఆకుల మధ్య పురుగులు ఏరుకుంటూ కనబడకుండా చప్పుడు చేస్తుంది. గ్రీనిష్ వార్బ్లర్. దీని వంశం టిబెట్ పీఠభూమి చుట్టూ ఉంగరంలా పరుచుకుంది. దక్షిణాన హిమాలయాల్లో మొదలై, ఒక కొమ్మ పడమటి నుంచి, ఒక కొమ్మ తూర్పు నుంచి ఎక్కి, సైబీరియాలో మళ్లీ ఎదురుపడ్డాయి. ఉంగరం పొడవునా పక్కపక్కవి కొంచెం కొంచెంగా మారుతూ పోయాయి, కొసలు కలిసేసరికి ఒకదాని పాట ఇంకోదానికి అర్థం కాదు, జతకట్టవు. 1938లో టైస్‌హర్స్ట్ చెప్పిన ఈ సంగతిని 2001లో డారెన్ ఇర్విన్ బృందం డీఎన్‌ఏతో బలపరిచింది. మన చెట్లమీద చలికాలం గడిపేది పడమటి కొమ్మ. తూర్పు కొమ్మ ఆగ్నేయాసియాకు పోతుంది. సైబీరియాలో పొరుగువాళ్లే, శీతాకాలపు బసలు మాత్రం వేరు. 2014లో ఇంకా లోతుగా చదివితే ఉంగరం అనుకున్నంత అతుకులేనిది కాదని బయటపడింది. మధ్యలో ఎన్నోసార్లు తెగి మళ్లీ కలిసిన గుర్తులున్నాయి. తెంపింది పాత వాతావరణం, అతికింది పిట్టల రాకపోకలు. పాఠ్యపుస్తకాల ముచ్చటైన ఉదాహరణ కొంచెం చెదిరింది కానీ, నిజానికి దగ్గరైంది.

ఇప్పుడు మన కొండలు. ఈశాన్య భారతపు తడి అడవుల్లోనూ పడమటి కనుమల్లోనూ కనబడి మధ్యలో మాయమయ్యే ప్రాణులెన్నో ఉన్నాయి. పిట్టల్లో హార్న్‌బిల్‌లలోని పెద్ద జాతి, నీలికాంతుల ఫెయిరీ బ్లూబర్డ్ అలాంటివే. మధ్యలో ఉన్నది వేల కిలోమీటర్ల ఎండనేల. ఎలా దాటాయి? చేపల శాస్త్రవేత్త సుందర్ లాల్ హోరా 1940లలో సాత్పురా సిద్ధాంతం చెప్పాడు. కొండవాగుల చేపలు అస్సాం నుంచి వింధ్య సాత్పురాల మీదుగా పడమటి కనుమలకు పాకాయని ఆయన వాదం. 1949లో దీనిమీద సదస్సు జరిగితే సలీం అలీ పిట్టల తరఫున ఆ దారినే సమర్థించాడు. అదే సదస్సులో హుమాయున్ అబ్దులాలీ పిట్టల ఉనికిని వేరుగా చదివి, తూర్పు కనుమల వైపు వేలు చూపాడు. ఎవరూ దాటలేదు, ఒకప్పుడు దేశమంతా తడి అడవే, ఎండబడ్డాక అంచుల్లో మిగిలాయి అనే మూడో పక్షమూ ఉంది. 2003లో ప్రవీణ్ కరంత్ ఒక మంచి హెచ్చరిక చేశాడు. రెండుచోట్లా ఉన్నవి నిజంగా దగ్గర చుట్టాలా కాదా అని ముందు వంశవృక్షం గీయండి, తర్వాత దారుల గురించి మాట్లాడదాం అని. షోలకిళి ఆ హెచ్చరికకు సాక్ష్యం. హిమాలయ చుట్టం అనుకున్నది కాదని తేలాక, దానికోసం వేసిన ఊహా వంతెన అక్కర్లేకపోయింది.

తూర్పు కనుమలు ఈ లెక్కలో ఎంతో విలువైనవి, ఎందుకంటే అవి గోడలా కాక వాగులో వేసిన దాటురాళ్లలా ఉంటాయి. గోదావరి పాపికొండల దగ్గర కోసుకుంటూ పోతుంది. కృష్ణ, పెన్నా కూడా ఎక్కడికక్కడ తెంపాయి. ఉత్తర భాగంలో అరకు, పాడేరు, మారేడుమిల్లి వైపు తడి ఎక్కువ. నల్లమల, శేషాచలం పొడి కొండలు. ఎత్తయిన అరమకొండ కూడా 1,680 మీటర్లే, అంటే షోల పిట్టలకు మేడ చాలదు. కానీ ఎత్తు అడగని తడి అడవి పిట్టలు, మలబార్ ట్రోగన్, కొండ గోరింక లాంటివి, ఉత్తర భాగంలో ఉన్నాయి. ఇవి దాటుతూ ఆగిపోయినవా, పాత అడవిలో మిగిలిపోయినవా? దీనికి జన్యువులు జవాబు చెప్పగలవు. మిగిలిపోయినవే అయితే ఎండకాలం వచ్చిన రోజులకు దగ్గరగా, చాలా జాతుల్లో కలిసి చీలిక కనబడాలి, పొదల పిట్టల్లో లోతుగా కనబడాలి. దాటినవే అయితే చీలికలు తలా ఒక కాలానివై ఉండాలి, దారి పొడవునా జన్యు వైవిధ్యం సన్నబడుతూ పోవాలి.

విశాఖ మన్యంలో ఈ ప్రశ్నకు సరిగ్గా సరిపోయే పిట్ట ఒకటి ఉంది. అబాట్ బాబ్లర్. దీని జాతివాళ్లు హిమాలయ పాదాల నుంచి ఆగ్నేయాసియా దాకా తడి అడవుల్లో ఉంటారు. నేలకు బెత్తెడు ఎత్తున చిట్టడవిలో నక్కి నక్కి తిరగడం దీని అలవాటు. పొట్టి రెక్క, మట్టి రంగు. పాట విన్నవాళ్లు ఎక్కువ, చూసినవాళ్లు తక్కువ. 1985లో సిడ్నీ డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీహ్లర్ తూర్పు కనుమలదాన్ని వేరే ఉపజాతిగా గుర్తించారు. వాళ్లతో కలిసి ఆ మన్యపు పిట్టలను ఏళ్ల తరబడి వలవేసి, కొలిచి, రాసుకున్న విశాఖపట్నం ప్రకృతి పరిశీలకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు. ఆ ఉపజాతి శాస్త్రీయ నామంలో చివరి మాట ఆయన పేరే: కృష్ణరాజుయి.